చీటీలో అడగని పరీక్ష

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో గొప్పలు ఉంటాయి. ముప్పై నాలుగేళ్ళు మంచిర్యాలలో ఒక కంటి దవాఖాన ల్యాబులో కూర్చుని నెత్తురు పరీక్షలు చేసిన మనిషిని నేను. పేరు సుగుణ. ఎప్పుడు పర్మనెంటయ్యాను, ఎవరు నా ఇంక్రిమెంటు ఆపారు లాంటివి రాయను. చదివేవాళ్ళకు నిద్ర, రాసేదానికి మంట. ల్యాబు కోర్సు పూర్తిచేసి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి, పనికొచ్చే ముక్కలే రాస్తాను.

ఈ ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కన్ను విషయంలో మాత్రం "ఇది నేను కాపాడిన కన్ను" అని ఎవరి ముందైనా నిలబడి చెప్పగలను. అది ఆత్రం జంగుబాయి అనే అమ్మాయి కుడి కన్ను. దాని దాకా రావడానికి నేను రెండు తప్పులు చేయాల్సి వచ్చింది. వాటిని కూడా దాచకుండా చెబుతాను.

కంటి దవాఖానలో నెత్తురెందుకు?

ఈ ప్రశ్న నన్ను అడగని రోజు లేదు. "కన్ను సూపిచ్చుకుందామని వస్తే చెయ్యి పొడుస్తవేంది సిస్టర్?" అనేవాళ్ళు. నేను నర్సును కానని ఎన్నిసార్లు చెప్పినా సిస్టర్ అనే పిలుపు మాత్రం పోలేదు. ఆపరేషన్‌కు ముందు షుగరు చూడాలి, హిమోగ్లోబిన్ చూడాలి అని చెప్పి సూది గుచ్చేదాన్ని. మొదట్లో నాకు కూడా అంతకు మించి తెలియదు.

నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉన్న రోగులను చూసిన తర్వాతే నాకు ఈ పని మీద ఆసక్తి పుట్టింది. కంటి లోపల ఎప్పుడూ కొంత నీరు ఊరుతుంటుంది, ఒక సన్నని జల్లెడ లాంటి దారి గుండా బయటికి పోతుంటుంది. ఆ దారి మూసుకుపోతే కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. చాలామందికి నొప్పి ఉండదు. ముందు పక్కల చూపు పోతుంది, మనిషికి తెలియదు. పోయింది మళ్ళీ రాదు. అంతవరకు బాగానే అర్థమైంది. కానీ కొందరికి ఒత్తిడి మామూలుగానే ఉన్నా నరం పాడవుతుంది. ఎందుకు? మా పెద్ద డాక్టరు వహీద్ సారుకు ఆ ప్రశ్న మీద పిచ్చి. కరీంనగర్ మనిషి, సన్నగా ఉంటారు, కోపం వస్తే ఉర్దూలోకి దిగుతారు. కంట్లో దొరకని జవాబు నెత్తుట్లో దొరుకుతుందేమోనని ఆయనకు ఆశ.

రాజలింగం సారు నియమం

నాకు పని నేర్పింది రాజలింగం సారు, మా ల్యాబు పెద్ద. ఆయన చేతి నేర్పు నాకు ఈ రోజుకీ రాలేదు. నరం దొరకని ముసలివాళ్ళ చేతుల్లో కూడా ఒక్క గుచ్చుడుకే నెత్తురు తీసేవారు. డాక్టర్లు రాసి పంపే ల్యాబు చీటీ విషయంలో ఆయన దగ్గర ఒకే ఒక్క నియమం ఉండేది.

"సూడు సుగుణా, చీటీల అడిగింది రాయాలె. అడగంది రాయద్దు, చెప్పద్దు. మనం డాక్టర్లమా?"

నేను బుద్ధిగా తలూపాను. ఆ తలూపుడే నా మొదటి తప్పు.

బెల్లంపల్లి నుంచి ఓదేలు అనే రిటైరైన గని కార్మికుడు వచ్చేవాడు. నీటికాసులు. చుక్కల మందు వేసుకుంటున్నాడు, ఒత్తిడి మామూలుగానే ఉంది, అయినా చూపు కుంచించుకుపోతోంది. "బిడ్డా, పక్కపొంటి వచ్చే మనిషి కనవడ్తలేడు. నిన్న సైకిలోడొచ్చి గుద్దిండు. నన్నే తిట్టిండు!" అని నవ్వుతూ చెప్పేవాడు. అతని చీటీలో ఎప్పుడూ షుగరు ఒక్కటే అడిగేవాళ్ళు. ఒకరోజు ట్యూబులోకి తీసిన నెత్తురు చూస్తే పలచగా, వెలిసిపోయినట్టు అనిపించింది. మనసాగక హిమోగ్లోబిన్ చూశాను. ఆరు గ్రాములు, ఉండాల్సినదానిలో సగం కూడా లేదు! ఆ అంకెను చిన్న కాగితం మీద రాసుకున్నాను. కాగితాన్ని ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను. చీటీలో షుగరు మాత్రమే రాసి పంపించాను.

ఎనిమిది నెలల తర్వాత ఓదేలు భార్య చేయి పట్టుకుని వచ్చాడు. నవ్వు లేదు. వహీద్ సారు స్వయంగా ల్యాబుకు వచ్చి హిమోగ్లోబిన్ చూడమన్నారు. "సార్, నాకు ఎనిమిది నెలల కిందనే తెలుసు," అన్నాను. పాత పుస్తకంలో దాచిన ఆ కాగితం తీసి చూపించాను. రాజలింగం సారు తల దించుకున్నారు.

వహీద్ సారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. "నెత్తురు గింత తక్కువైతే నరానికి అందాల్సింది అందదు. గందుకే చూపు పోయిందని నేను పక్కా చెప్పలేను. గని అప్పుడే తెలిస్తే గది గూడ చూస్తుంటి గద, సుగుణమ్మా?" అన్నారు. ఆ గొంతు తిట్టినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఓదేలుకు ఏళ్ళ తరబడి నొప్పి గోలీలు మింగి కడుపులో పుండు పడింది, అక్కడ నుంచి నెత్తురు పోతోంది. పుండు తగ్గింది, నెత్తురు పెరిగింది, ఉన్న చూపు నిలబడింది. పోయింది మాత్రం పోయింది.

"ఇగ నుంచి నీకు కనవడ్డది నాకు చెప్పు. తిడితే తిట్లు తిను," అన్నారు సారు. ఆ ఆరు గ్రాముల కాగితాన్ని నేను పారేయలేదు. నా సొరుగులో, రోజూ కనపడే చోట పెట్టుకున్నాను.

రాజలింగం సారు చెడ్డవాడని ఎవరూ అనుకోకండి. ఆయన కాలంలో నోరు తెరిచిన టెక్నీషియన్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆయన మనల్ని కాపాడాలని ఆ నియమం పెట్టారు. అది రోగిని కాపాడదు, అంతే తేడా.

మటన్ ఫరక్

ఆ తర్వాత వహీద్ సారుతో కలిసి ఒక పెద్ద నోటుబుక్కు మొదలుపెట్టాం. నీటికాసులున్నవాళ్ళ నెత్తురు ఒక పక్క, లేనివాళ్ళ నెత్తురు ఇంకో పక్క. కొవ్వు, తెల్లకణాల లెక్క, ప్లేట్‌లెట్లు, ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే ఈఎస్ఆర్. అందరి అనుమతితో, అందరికీ చెప్పే చేశాం. నీటికాసులు వచ్చే మనిషిని ముందే పట్టుకునే గుర్తు నెత్తుట్లో ఏదైనా ఉందా అన్నదే మా ప్రశ్న.

రోగులు మా దవాఖానలోనే దొరికారు. నీటికాసులు లేనివాళ్ళను ఎక్కడి నుంచి తేవాలి? నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మాది మెథడిస్టు కుటుంబం. ప్రతి ఆదివారం మా చర్చి నిండా మనుషులే! పాస్టరుగారిని ఒప్పించి, అందరి కళ్ళూ సారుకు చూపించి, ఆరాధన అయ్యాక వరసగా నెత్తురు తీశాను. కొయిర్‌లో పాడేవాళ్ళు కూడా చేతులు చాచారు. "యేసయ్య నెత్తురు గురించి పాడినం, ఇగ మా నెత్తురు గూడ నీకేనా సుగుణా?" అని మా పెద్దమ్మ ఎగతాళి చేసింది.

లెక్కలు వేస్తే నా కళ్ళు తిరిగాయి. నీటికాసులున్నవాళ్ళలో కొవ్వు ఎక్కువ, మా చర్చివాళ్ళలో ఎంతో తక్కువ. తేడా కొట్టొచ్చినట్టు కనపడుతోంది. లోకానికంతా కొత్త సంగతి నేనే కనిపెట్టానని నమ్మేశాను. ఆ సాయంత్రం దవాఖానలో అందరికీ బాలూషాహీ మిఠాయిలు పంచిపెట్టాను.

సారు నోటుబుక్కు తిప్పి తిప్పి చూశారు. "గీ నెత్తురు ఎప్పుడు తీసినవ్?"

"మొన్న మార్చిల సార్. నాలుగు ఆదివారాలు."

"మీ పండుగ ఎప్పుడు?"

"ఈస్టరా? ఏప్రిల్‌ల..." అంటుండగానే నా నోరు ఆగిపోయింది. ఈస్టరుకు ముందు నలభై రోజులు మాకు శ్రమకాలం. మా చర్చిలో చాలామంది ఉపవాసాలుంటారు, మాంసం ముట్టరు, నూనె తగ్గిస్తారు. నేను కూడా ఉపవాసంలోనే ఉన్నాను, ఉంటూనే నెత్తురు తీశాను! ఇది నా రెండో తప్పు.

సారు కుర్చీలో వెనక్కి వాలి పడీపడీ నవ్వారు. "అరే సుగుణమ్మా! గిది నీటికాసుల ఫరక్ గాదు. మటన్ ఫరక్!"

ఫరక్ అంటే తేడా. ఆ పేరు దవాఖానలో ఏళ్ళ తరబడి నిలబడిపోయింది. ఎవరి లెక్క తప్పినా "మటన్ ఫరకేమో చూడు" అనేవాళ్ళు. ఈస్టరు విందులన్నీ అయిపోయి నెల గడిచాక వాళ్ళందరికీ మళ్ళీ తీశాను. నా గొప్ప తేడా ఎటో ఎగిరిపోయింది. నేర్చుకున్నది మాత్రం ఎగిరిపోలేదు. ఎవరితో పోలుస్తున్నావో వాళ్ళేం తిన్నారో, వాళ్ళ వయసేమిటో తెలియకుండా అంకెను నమ్మకూడదు. మీకిప్పుడు మిషన్లు నిమిషంలో ఇరవై అంకెలిస్తాయి. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండండి.

ఆ నోటుబుక్కులో గట్టి జవాబేదీ దొరకలేదని నిజాయితీగా చెబుతున్నాను. ఇప్పటికీ పెద్ద పెద్ద వాళ్ళు ఆ గుర్తుల కోసం వెతుకుతూనే ఉన్నారు. "ఉండవచ్చు" అనే మాటే తప్ప "ఉంది" అనే మాట నేను వినలేదు. నెత్తురు చూసి నీటికాసులు చెప్పేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. కన్ను చూడాల్సిందే.

అయితే నోటుబుక్కు మూసేస్తూ సారు ఒక మాటన్నారు. ఆదిలాబాద్ గూడేల్లో క్యాంపులకు తిరిగిన అనుభవంతో అన్న మాట. "మనం వెతికినయన్ని అనుమానాలే. ఒక్కటి మాత్రం పక్కా. దెబ్బ తగిలి కంట్ల నెత్తురు దిగితే, సికిల్ ఉన్నోళ్ళ కన్ను శానా జల్దీ ఆగమయితది. యాది పెట్టుకో."

యాది పెట్టుకున్నాను. గూడేల్లో సికిల్ అంటే అందరికీ తెలుసు. తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి. మామూలు ఎర్రకణాలు మెత్తగా ఉంటాయి కాబట్టి కంటి జల్లెడలో నుంచి జారిపోతాయి. వంగి గట్టిపడ్డవి అందులో ఇరుక్కుంటాయి, ఒత్తిడి ఎగబాకుతుంది, మిగతావాళ్ళ నరం తట్టుకునే ఒత్తిడికే వీళ్ళ నరం దెబ్బతింటుంది. పూర్తి జబ్బు రాకుండా తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క పాలే వచ్చినవాళ్ళు పైకి దిట్టంగా ఉంటారు, పరుగు పందేల్లో గెలుస్తారు. వాళ్ళ కంటికి కూడా ఇదే ప్రమాదం. అందుకే ఒక సికిల్ పరీక్ష కిట్టు ఎప్పుడూ మా ఫ్రిజ్‌లో ఉంచేదాన్ని. కంటి దవాఖానలో అదెందుకని స్టోర్సువాళ్ళు ప్రతిసారీ గొణిగేవాళ్ళు.

పత్తి కట్టె

మూడేళ్ళ కిందట, పత్తి ఏరడం అయిపోయి చేలల్లో కట్టె పీకే రోజుల్లో, ఉట్నూరు అవతలి గూడెం నుంచి జంగుబాయి వచ్చింది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. పీకుతున్న కట్టె విరిగి ఎగిరొచ్చి కుడి కంట్లో కొట్టింది. నల్లగుడ్డు ముందు, అడుగున, సన్నగా ఎర్రటి గీతలా నెత్తురు నిలబడింది. వెంట అన్న భీంరావు వచ్చాడు.

నా ఎదుటి కుర్చీలో కూర్చోగానే ఆ పిల్ల అడిగిన మొదటి మాట: "బాయీ, ఇరవై దినాలల్ల మంచిగయితదా? పోలీసు పరుగులు పాసైన. రాత పరీక్ష పాసైన. మెడికలు మిగిలింది. ఒక్క కన్ను మసకున్నా తీసేస్తరట."

"మా గూడెంల పోలీసు నౌకరి దాకా పోయిన పిల్ల గీమె ఒక్కతే," అన్నాడు భీంరావు.

వహీద్ సారు క్యాంపు కోసం కరీంనగర్‌లో ఉన్నారు. ఓపీ చూస్తున్నది శ్రావణ్ అనే కొత్త డాక్టరు. విజయవాడ వైపు అబ్బాయి, తెలివైనవాడు, ఓపిక మాత్రం తక్కువ. ఒత్తిడి పెరిగిందని చూసి, చుక్కల మందుతో పాటు ఒత్తిడి తగ్గించే గోలీ ఇచ్చి దవాఖానలోనే ఉంచాడు. చీటీలో హిమోగ్లోబిన్, షుగరు అడిగాడు. నేను రాసి పంపించాను.

మర్నాడు పొద్దున ఒత్తిడి తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. డాక్టరు గోలీ పెంచాడు. భీంరావు వహీద్ సారు ఎప్పుడొస్తారో అడగడానికి ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మా నసీబే గిట్లున్నది బాయీ. మా అక్క కొడుకు గూడ దవాఖానల పొంటే తిరుగుతుండు. కీళ్ళ నొప్పులని ఏడుస్తడు. వానికి కార్డు గూడ ఇచ్చిండ్రు."

"ఏం కార్డు?"

"సికిల్ కార్డు."

నా చేతిలోని ట్యూబు స్టాండు పక్కన పెట్టేశాను. "జంగుబాయికి ఎప్పుడన్న చూసిండ్రా?"

"లేదు బాయీ. గూడెంల క్యాంపు పెట్టిన్నాడు ఇది పోలే. పరీక్షకు సదువుకుంటున్న అన్నది."

నేరుగా ఓపీకి వెళ్ళాను. "సార్, ఆ అమ్మాయికి సికిల్ చూద్దామా?"

శ్రావణ్ తలెత్తలేదు. "మేడమ్, ఆమెకు తగిలింది కర్ర. కర్ర దెబ్బకు నెత్తురు పరీక్షలెందుకు? బయట ఎంతమంది ఉన్నారో చూశారా?"

తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. అడగంది చెప్పద్దు అనే మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా చెవిలో వినపడింది. కలం కోసం సొరుగు లాగాను. ఓదేలు కాగితం కనపడింది. ఆరు గ్రాములు.

లేచి జంగుబాయి మంచం దగ్గరికి వెళ్ళాను. "బిడ్డా, ఇంక కొంచెం నెత్తురు కావాలె. డాక్టరు అడగలే. నాకు అనుమానమొచ్చి అడుగుతున్న. తియ్యాల్నా?"

కట్టు లేని కంటితో నా వైపు చూసింది. "తియ్యి బాయీ. నాకు నౌకరి కావాలె."

ఆ పరీక్ష చాలా తేలిక. ట్యూబులో మందునీళ్ళు పోసి, నెత్తురు కలిపి, కొన్ని నిమిషాలు ఆగి, వెనక నల్లగీతలున్న కార్డు పెట్టి చూడాలి. నీళ్ళలో నుంచి గీతలు కనపడితే సికిల్ లేదు. నీళ్ళు మసకబారి గీతలు మాయమైతే ఉంది. సరిచూసుకోవడానికి పక్క ట్యూబులో నా నెత్తురే వేశాను. మటన్ ఫరక్ నేర్పిన జాగ్రత్త! నా ట్యూబులో గీతలు స్పష్టంగా కనపడ్డాయి. జంగుబాయి ట్యూబు వెనక ఒక్క గీత కూడా లేదు.

స్టాండు పట్టుకుని పరుగెత్తాను. యాభై ఆరేళ్ళ దాన్ని, మోకాళ్ళు మొత్తుకుంటున్నా ఆగలేదు. రోగులందరి ముందే రెండు ట్యూబులూ కార్డూ శ్రావణ్ బల్ల మీద పెట్టాను.

"సార్, తిట్టుడు తర్వాత తిట్టుండ్రి. గిది నా నెత్తురు, గీతలు కనవడ్తున్నయి. గిది ఆ పిల్లది. కనవడ్తున్నయా?"

అతను చూశాడు. "ఆ గోలీ... అయ్యో!" అని ఒక్కసారిగా లేచాడు. ఆ గోలీ సికిల్ కణాలను ఇంకా వంచేస్తుందని అతను పుస్తకంలో చదివాడు, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు గుర్తు రాలేదు. తప్పు తెలిశాక మాత్రం ఒక్క క్షణం కూడా తన మర్యాద గురించి ఆలోచించలేదు. అందుకే ఆ అబ్బాయంటే నాకు గౌరవం. ముందు మంచం దగ్గరికి పరుగెత్తి గోలీ ఆపించాడు. తర్వాత తనే వహీద్ సారుకు ఫోను చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

ఫోనులో సారు గొంతు నాకు కూడా వినపడింది. "మంచి పని చేసినవ్. ఇయ్యాల్నే కడిగేద్దాం, రేపటి దాకా ఆగొద్దు. థియేటర్ తయారు పెట్టు. బయల్దేరిన."

మధ్యాహ్నానికల్లా సారు దిగారు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు, కంట్లో నిలిచిన నెత్తురును నీళ్ళతో కడిగి తీయడానికి. బయట బల్ల మీద నేనూ భీంరావూ కూర్చున్నాం. నేను నా దేవుణ్ణి అడిగాను, అతను తన దేవుణ్ణి అడిగాడు. నాకు భయమేసింది. ఆలస్యమైందేమోనని, నిన్ననే అడగాల్సిందని, గుమ్మం దగ్గర ఆ మాట రాకపోయి ఉంటే ఏమయ్యేదోనని.

సారు మాస్కు కిందికి లాగుతూ బయటికొచ్చారు. "నరం మంచిగున్నది. కన్ను బచాయించినవ్ సుగుణమ్మా!"

అక్కడే, థియేటర్ బయట, భోరుమని ఏడ్చాను. భీంరావు నా కాళ్ళ మీద పడబోతే, "నాకు గాదు, నీ నోటికి మొక్కుకో. కార్డు ముచ్చట చెప్పింది నువ్వే," అన్నాను.

ఒత్తిడి మర్నాటికి దిగింది. చూపు రోజురోజుకూ తేరుకుంది. తర్వాత పెద్ద ల్యాబులో చూపిస్తే జంగుబాయికి సికిల్ ఒక్క పాలే అని తేలింది. అనుకున్న రోజుకు మెడికల్‌కు వెళ్ళింది. సాయంత్రం ఫోనులో ఒకటే అరుపు: "బాయీ! పాసైన!" నేను ఎంత గట్టిగా అరిచానో, పక్కింటివాళ్ళు ఏమైందోనని గోడ మీద నుంచి తొంగిచూశారు.

చివరి రోజు

పిల్లలూ, ఇప్పుడు మా దవాఖాన ల్యాబు చీటీ ఎక్కడైనా దొరికితే చూడండి. అడుగున ఒక ఖాళీ గడి ఉంటుంది. దాని మీద "అడగకపోయినా చెప్పవలసినవి" అని అచ్చు వేయించారు. వేయించింది వహీద్ సారు కాదు, శ్రావణ్. ఆ గడిని సిగ్గుపడకుండా నింపండి. తిట్లు పడతాయి. నేను లెక్కలేనన్ని తిన్నాను, అరిగిపోయాయి. పదిసార్లలో తొమ్మిదిసార్లు మీ అనుమానం తప్పే అవుతుంది, నాదీ అంతే. ఆ పదో కన్ను మాత్రం మీదే.

కంటికి అలాంటి దెబ్బ తగిలినవాళ్ళకు ఏళ్ళు గడిచాక కూడా నీటికాసులు రావచ్చు. అందుకే జంగుబాయి ఏటేటా వచ్చి ఒత్తిడి చూపించుకోవాలి. పోయినేడు ఆమె వచ్చింది సరిగ్గా నా రిటైర్మెంటు రోజునే. ఖాకీ బట్టల్లో, టోపీ చంకలో పెట్టుకుని, వెంట గూడెం నుంచి పదకొండు మందిని తోలుకొచ్చింది.

"గీళ్ళు క్యాంపుకు రమ్మంటే రాలే బాయీ. పోలీసోళ్ళ లెక్క పట్టుకొచ్చిన. అందరికి నెత్తురు సూడు."

నా ఉద్యోగంలో చివరి పదకొండు ట్యూబులు అవే. అవి ముగించి కంటి పరీక్ష గదిలోకి వెళ్ళేసరికి, శ్రావణ్ ఆమె ఒత్తిడి చూసి మామూలుగా ఉందని రాసుకుంటున్నాడు. గోడ మీది అక్షరాల చార్టు ముందు ఆమెను నిలబెట్టాడు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంది. దెబ్బ తిన్న కంటితో పై వరస నుంచి మొదలుపెట్టి గడగడా చదువుతూ చివరి వరస దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

ఆ కన్నే కొంచెం చికిలించి, మా వైపు తిరిగి అడిగింది.

"కింద సన్నగ అచ్చేసినోళ్ళ పేరున్నది. గది గూడ సదవాల్నా సార్?"

శ్రావణ్ నా వైపు చూశాడు. చదవమన్నాను. చదివింది.